రింగు కింద బావ

నిజామాబాద్,
డిసెంబర్ 3

పెద్దలు దేవన్న గారికి నమస్కారాలు.

నేను రామ్‌దాస్‌ను. మీ మనవడు ప్రేమ్ చదివే డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని, బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్‌ని. ఫోన్ చేస్తే మీ కోడలు గారు ఎత్తి, "మా మామకు ఫోన్ల సగమే ఇనవడ్తది సారూ. గది గూడ ఆయనకు ఇష్టమైన సగమే. కాయితం మీద రాయుర్రి" అన్నారు. అందుకని ఈ ఉత్తరం.

పన్నెండేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. ఇన్నాళ్లకు ఆరడుగుల ఎనిమిదంగుళాల పిల్లవాడు తల వంచుకుని మా జిమ్ తలుపు లోపలికి వచ్చాడు. ఆ రోజు సంతోషంతో నాకు అన్నం కూడా సయించలేదు. పొడుగు పిల్లలతో ఓపిక కావాలి. కాళ్లూ చేతులూ ముందు పెరిగిపోతాయి, వాటిని వాడుకోవడం తర్వాతెప్పుడో వస్తుంది. మొదటి రోజుల్లో చూసి వీడింతే అనేయకూడదు. నేను రెండేళ్లయినా ఆగుతాను, కానీ మా ప్రిన్సిపాల్ గారు ఆగరు. ఫిబ్రవరి టోర్నమెంటులో ప్రేమ్ పనికొస్తాడని తేలకపోతే స్పోర్ట్స్ కోటాలో ఇచ్చిన హాస్టల్ సీటు తీసేస్తామన్నారు. మీ ఊరి పొద్దుటి బస్సు ఇక్కడికి చేరేసరికి రెండో పీరియడ్ అయిపోతుంది. సీటు పోతే ఆటతోపాటు చదువూ పోతుంది.

ప్రేమ్ పని ఏమిటంటే, రింగుకు తగిలి తిరిగొచ్చే బంతిని అవతలివాళ్లకు అడ్డంగా నిలబడి అందుకోవడం. వాడేమో అవతలి జట్టు పొడుగు పిల్లవాడు దగ్గరికి రాగానే "మీదేవూరన్నా?" అని అడుగుతున్నాడు. రెండు నిమిషాల్లో వరస కలుపుతున్నాడు. కలిపాక జరిగి చోటిస్తున్నాడు. మొన్న ఆర్మూర్ జట్టుతో ఆడుతూ బంతి చక్కగా అందుకుని, "తీస్కో మామా" అని వాళ్ల పిల్లవాడికే ఇచ్చాడు.

మీరు కాస్త మందలించాలని మనవి.

ఇట్లు,
రామ్‌దాస్

తా.క. బంతి ఇచ్చింది రెండు చేతులతో. ఆ మర్యాదకు రెఫరీ కూడా ఈల వేయడం మరిచిపోయాడు.


బోధన్ మండలం,
డిసెంబర్ 9

గౌరవనీయులైన పీడీ సారుకు దేవన్న నమస్కారం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మా పిల్లవాడి తప్పెక్కడుందో కనబడలేదు. ఆర్మూర్ పిల్లవాడు మా కోడలికి తమ్ముడి వరస, అంటే ప్రేమ్‌కు మామ. మామకు బంతి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తాడు?

నేను చక్కెర ఫ్యాక్టరీలో ముప్పైరెండేళ్లు కాటా క్లర్కుగా చేశాను. చెరుకు బండి కాటా మీదికి రాగానే బరువు కన్నా ముందు వరస అడిగేవాణ్ణి. ఒక్క తగాదా రాలేదు. ప్రేమ్‌కు కూడా అదే నేర్పాను. అన్న ఎదురైతే జరగాలి. మామ వస్తే లేవాలి. తమ్ముడైతే గెలవనివ్వాలి. ఒక్క బావ దగ్గర మాత్రం ఏ హద్దూ లేదు. తోయొచ్చు, గుంజుకోవచ్చు, నీళ్లు పోయొచ్చు, చెప్పులు దాచొచ్చు. ఇందులో ఏది తప్పో మీరే చెప్పండి.

హాస్టల్ సీటు మాత్రం పోనివ్వకండి సార్. వాడు అక్కడే ఉండాలి, ఆడాలి. దానికి నా కారణాలు నాకున్నాయి.

మీ క్షేమం కోరే,
దేవన్న

తా.క. రింగు కింద మూడు సెకన్లకు మించి నిలబడనివ్వరట, ప్రేమ్ చెప్పాడు. అంత దూరం నుంచి వచ్చిన పిల్లవాణ్ణి కాసేపు నిలబడనిస్తే మీ సొమ్మేం పోయింది? ఇంతకీ మీదే ఊరు, ఇంటిపేరేమిటి?


నిజామాబాద్,
డిసెంబర్ 14

దేవన్న గారికి నమస్కరించి,

మీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. రెండోసారి చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. బావ.

బావను తోయొచ్చన్నారు. బావ దగ్గర బంతి గుంజుకోవచ్చని మీ చేత్తోనే రాశారు. నాకు ఇంకేమీ అక్కర్లేదు. టోర్నమెంటులో మాకు ఎదురుపడే నలుగురు పొడుగు పిల్లల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు వేరే కాగితం మీద పంపుతున్నాను. ఆర్మూర్ పిల్లవాడు, కామారెడ్డి పిల్లవాడు, బాన్సువాడ పిల్లవాడు, ఇక్కడే ఇంకో కాలేజీలో చదివే ముప్కాల్ పిల్లవాడు భానుప్రసాద్. వీళ్లు ప్రేమ్‌కు బావలయ్యే మార్గం ఏదైనా ఉంటే చెప్పండి. అబద్ధం చెప్పమనడం లేదు, కాస్త చుట్టు తిరిగి అయినా రమ్మంటున్నాను.

ఆశతో,
రామ్‌దాస్

తా.క. మూడు సెకన్ల నిబంధన నేను పెట్టింది కాదు. నాది నవీపేట్. ఇంటిపేరు చెప్పను.


బోధన్ మండలం,
డిసెంబర్ 27

పీడీ సారుకు దేవన్న నమస్కారం.

ఆలస్యానికి క్షమించాలి, పని పెద్దది. కామారెడ్డి పిల్లవాడితో చిక్కు లేదు, నేరుగా బావ. ఆర్మూర్ పిల్లవాడు కోడలి వైపు నుంచి మామే, కానీ మా పెదనాయన మునిమనవరాలిని వాళ్ల అన్నకే ఇచ్చాం. ఆ దారిన వస్తే బావ. మీకు ఏ దారి కావాలంటే ఆ దారిన రండి.

బాన్సువాడ పిల్లవాడు రెండు రోజులు ఏడిపించాడు. ఎటు నుంచి లెక్క కట్టినా తమ్ముడే అవుతున్నాడు. చివరికి మా వాడకట్టులో ఈరవ్వ దగ్గరికి పోయాను. ఆమెకు తొంభై దాటాయి, పొద్దున ఏం తిన్నదీ గుర్తుండదు, వంద పెళ్లిళ్లు మాత్రం గుర్తున్నాయి. కళ్లు మూసుకుని కూర్చుని ఎక్కడో ఒక మేనరికం బయటికి తీసింది. "రాస్కో దేవన్నా, బావనే" అంది. రాసుకున్నాను.

ముప్కాల్‌లో మాకెవరూ లేరు. ఆ పిల్లవాడితో మాకు ఏ వరసా లేదు.

ఉంటాను,
దేవన్న

తా.క. రెఫరీది నాందేడ్ దిక్కని ప్రేమ్ చెప్పాడు. మా మేనత్తను ధర్మాబాద్‌లో ఇచ్చారు. ఆయన వయసు ముప్పై అయినా వరసకు తాత. ప్రేమ్ కాళ్లు మొక్కితే కాదనవద్దని చెప్పండి.

ఇంకో తా.క. ఆ ముప్కాల్ పిల్లవాడి ఎత్తెంత? ఊరికే అడుగుతున్నాను.


నిజామాబాద్,
ఫిబ్రవరి 12

దేవన్న గారికి,

నమస్కారాలు. మూడు ఆటలు గెలిచాం. మీ మనవణ్ణి మీరు చూడాల్సింది. బాన్సువాడ పిల్లవాణ్ణి భుజంతో ఒక్క నెట్టు నెట్టి, "జరుగు బావా, గిది మా చేను" అని బంతి లాక్కున్నాడు. ఆ పిల్లవాడు కూడా నవ్వుతూనే జరిగాడు. తోసినా తోయించుకున్నా ఎవరికీ కోపం రాని బాస్కెట్‌బాల్ నేను ఇప్పటిదాకా చూడలేదు.

అయితే ప్రేమ్ మీరు చెప్పిన మాటలన్నీ అక్షరాలా పాటిస్తున్నాడు. ఆర్మూర్ పిల్లవాడి నెత్తిన సీసాడు నీళ్లు పోశాడు. విరామంలో కామారెడ్డి పిల్లవాడి షూ ఒకటి మాయమైంది. అందరం వెతికాం. నా సంచిలో దొరికింది. కాళ్లు మొక్కించుకున్న రెఫరీ మాత్రం ఆ రోజంతా మమ్మల్ని మనవల్ని చూసినట్టు చూశాడు.

ఇక నాలుగో ఆట. భానుప్రసాద్ ఆరడుగుల ఏడంగుళాలు. అతనితో ఏ వరసా లేదని మీరు రాసింది ప్రేమ్‌కు చెప్పాను. వాడి మొహం పాలిపోయింది. "ఏ వరస లేదా సార్? గట్లెట్లుంటది?" అన్నాడు. వరస లేని మనిషిని వాడు పుట్టి ఇంతవరకు చూడలేదట. అలాంటివాణ్ణి ఏం చేయాలో తెలియక ఆటంతా బ్యాంకు మేనేజరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఒకసారి "కొంచెం జరుగుతారా అండి" అని కూడా అడిగాడు. పద్దెనిమిది పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

ఫైనల్ ఈ నెల ఇరవైన. మళ్లీ అదే జట్టు. ప్రిన్సిపాల్ గారు వచ్చి కూర్చుంటారు, సీటు సంగతి ఆ రోజే తేలుస్తారు. నాందేడ్ రెఫరీకి కూడా వరస కలిపినవారు మీరు. ముప్కాల్ ఎంత దూరం? దయచేసి ఇంకోసారి లెక్క చూడండి.

దిగులుతో,
రామ్‌దాస్

తా.క. ఆట చూడటానికి భానుప్రసాద్ నాయనమ్మ వచ్చింది. ప్రేమ్‌ను చూపించి, "గా పొడుగు పిలగాడు ఎవ్వరి పిలగాడు?" అని నన్నడిగింది. బోధన్ దిక్కు దేవన్న గారి మనవడని చెప్పాను. కళ్లు చికిలించి చాలాసేపు చూసింది. "వాడు పొట్టోడు గదా" అంది. నాకేమీ అర్థం కాలేదు.


బోధన్ మండలం,
ఫిబ్రవరి 15

రామ్‌దాస్ సారుకు,

లెక్క చూడాల్సిన పని లేదు. ఆ నాయనమ్మ పేరు ముత్తవ్వ. నా చెల్లెలు. నాకున్నది ఒక్కతే చెల్లెలు.

ప్రేమ్ పుట్టిన ఇరవై ఒకటో దినం ఉయ్యాలలో వేసే తొట్టెల పండగ చేశాం. ఊరంతా వచ్చింది. ముత్తవ్వ ముప్కాల్ నుంచి వచ్చి పిల్లవాణ్ణి ఒళ్లోకి తీసుకుని, అందరి ముందు, "పొట్టిగున్నడు. మన బాపు పొడుగు వీనికి రాలే" అంది. మా నాయన ఆరున్నర అడుగుల మనిషి. నేను ఎట్లాగూ ఐదడుగుల మూడంగుళాల దగ్గర ఆగిపోయాను, మనవడన్నా అందుకుంటాడని ఆశపడి ఉన్నాను. నా నోటికొచ్చింది నేనన్నాను. ఆమె ఆ సాయంత్రమే బస్సెక్కింది. పందొమ్మిదేళ్లయింది. ఆమె పిలవలేదు, నేను పోలేదు.

ప్రతి ఏడూ దర్వాజకు ఆనించి పిల్లవాడి ఎత్తు గీత గీశాను. ఆటకు పంపింది చదువు కోసమని అందరికీ చెప్పాను. అసలు సంగతి, పేపర్లో వాడి ఫోటో ఎత్తుతో సహా పడుతుందని, ఆ పేపరు ముప్కాల్ కూడా పోతుందని. నా కారణాలు నాకున్నాయని రాసింది ఇదే.

నాకు చెల్లెలు కావాలి సార్. రాఖీ పండగనాడు బోసి చెయ్యి బోసిగానే పెట్టుకుని ఇంట్లో కూర్చోలేక, పని లేకపోయినా బోధన్ బజారంతా తిరిగి వచ్చేవాణ్ణి. ఊరందరికీ వరస కలిపి, సొంత చెల్లెలి మనవడితో వరస లేదని మీకు రాశాను. సిగ్గుగా ఉంది.

భానుప్రసాద్ ప్రేమ్‌కు బావ. చుట్టు తిరిగి వచ్చేది కాదు, పుట్టుకతో బావ. వాడికి నేనే చెప్తాను. ఫైనల్‌కు వస్తున్నాను.

మీ,
దేవన్న

తా.క. ఆమె పొట్టోడు అన్నప్పుడు ప్రేమ్ కూర్చుని ఉన్నాడా, నిలబడి ఉన్నాడా? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి.


ముప్కాల్,
ఫిబ్రవరి 22

రామ్‌దాస్ సారుకు దేవన్న ఆశీస్సులు.

పైన ఊరి పేరు చూసి మీకు సంగతి తెలిసే ఉంటుంది. ఫైనల్ అయ్యాక బస్సు కదలబోతుంటే మీకు చెప్పకుండానే వచ్చేశాను.

ఆట మీరూ చూశారు. మొదట్లోనే భాను "మా నాయనమ్మ చెప్పిన పొట్టోడివి నువ్వేనా?" అన్నాడట. ప్రేమ్ "అవ్ బావా" అని అతని నెత్తి మీద నుంచే బంతి తీసుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ తోసుకున్న తోపుడుకు నాకు కడుపు నిండింది. మూడు పాయింట్లతో గెలిచామని మీరు వచ్చి చెప్తేగాని నాకు తెలియలేదు. సీటు ఉంటుందని ప్రిన్సిపాల్ గారు అన్నప్పుడు మీరు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు.

మీరు చూడనిది మెట్ల మీద జరిగింది. ముత్తవ్వ నాకు రెండు మెట్ల పైన కూర్చుంది. చివరికి నేనే లేచి పోయి పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం ఆటే చూశాం. తర్వాత, "ఇప్పుడు చెప్పు, పొట్టోడా?" అన్నాను.

ఆమె నా వైపు చూడకుండానే, "అన్నా, ఇరువై ఒకటో దినంనాడు పొడుగుండే పిలగాన్ని నువ్వేడన్న సూశినవా?" అంది.

పందొమ్మిదేళ్లలో ఈ మాట నాకు తట్టలేదు సార్. మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు, మొదటి రోజుల్లో చూసి వీడింతే అనేయకూడదని. అది ప్రేమ్ గురించే అనుకుని చదివాను.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె నా చెయ్యి పట్టుకుని బస్టాండుకు తీసుకుపోయింది. ఇక్కడికి వచ్చాక పెట్టె తెరిచి చూపించింది. ప్రతి ఏడూ నాకోసం రాఖీ కొన్నదట, పంపడానికి మాత్రం మనసొప్పలేదట. పండగ దాకా ఆగమంటే ఆగలేదు. పందొమ్మిదీ వరసగా కట్టింది. మోచేతి దాకా ఉన్నాయి, చెయ్యి వంగడం లేదు. అక్షరాలు వంకరపోతే మీరు ఏమీ అనుకోవద్దు.

నాలుగు దినాలు ఇక్కడే ఉంటాను.

ఇట్లు,
ముత్తవ్వ అన్న దేవన్న

తా.క. ముత్తవ్వ రాయమంటోంది: "పొడుగైతే అయిండు గని, మస్తు బక్కగున్నడు. మీ హాస్టల్ల ఏం పెడ్తున్నరు?" ఈసారి నేను తగాదా పెట్టుకోలేదు.

ఇంకో తా.క. మీ ఇంటిపేరు మీరు చెప్పలేదు. నవీపేట్ రామ్‌దాస్ అనగానే ముత్తవ్వే చెప్పేసింది. లెక్క ప్రకారం మీరు ప్రేమ్‌కు బావ అవుతారు. వాడికి ఫోన్‌లో చెప్పించాను. ఈ ఉత్తరం అందేలోపు మీ చెప్పులు ఒకసారి చూసుకోండి.