యంత్రం పీల్చిన ఊపిరి

అక్కా,

నీ అంతరిక్ష నౌక సీరియల్ ఆఖరి భాగం చూశాను. ఇన్నేళ్ళూ వెతికిన గ్రహం తీరా చూస్తే మన భూమేనట! ఆ మాత్రం దానికి అంత దూరం పోవడమెందుకో.

అంతకన్నా వింత, నువ్వు గొంతిచ్చిన నౌక కంప్యూటర్ చివరి మాటకు ముందు గట్టిగా ఊపిరి పీల్చడం. మా లైబ్రరీలో ఇప్పుడు చదివేవాళ్ళు లేరు, దాని మీద వాదించేవాళ్ళే.

"యంత్రానికి ప్రాణమొచ్చిందండీ! అదీ దర్శకుడంటే!" అని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ప్రాణం లేదు, పాడూ లేదు! డబ్బింగ్‌లో తీసేయడం మరిచిపోయారు," అని ఇంకొకాయన కొట్టిపారేశాడు.

ఇద్దరూ మహా మేధావులు. నేను పుస్తకాలు సర్దుకున్నాను.

చిన్నప్పుడు నీ పక్కన పడుకుని విన్న పిల్లికూత నాకు తెలియదా? ఉబ్బసం తిరగబెట్టినా దాచిపెట్టి మైకు ముందు నిలబడుతున్నావు. చెబితే ఆ పని ఇంకొకరికి ఇస్తారనేగా? ఇవ్వనీ. ఆ పాటి కథకు నీ ఊపిరి కూడా కావాలా?

ఫోన్ చేస్తే "నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను" అంటావు. యంత్రానికే ప్రాణం పోసిన గొంతుకు నన్ను నమ్మించడం ఎంత పని? అందుకే రాస్తున్నాను.

ఆదివారం వస్తాను, డాక్టరు దగ్గరికి వెళదాం. నేను వచ్చాక ఏమీ చెప్పొద్దు. నా పక్కన కూర్చుని ఊపిరి పీల్చు, చాలు. వింటాను.

నీ చెల్లి