ఆ ట్రే నాదే

మార్చి 3, సోమవారం

మనవరాలు వాళ్ల ఆఫీసులో తయారుచేసిన చిప్ సరిగ్గా పనిచేయడం లేదట. ఊరికే ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, పని మీద పడగానే లెక్క తప్పుతుంది. హాస్పిటల్‌లో ఊపిరి ఆడించే మెషీన్లో పెట్టే చిప్ అది. అన్నం కెలికి లేచిపోయింది. ఆ పిల్ల తిండి గురించి ఒక బెంగ, ఆ మెషీన్ తగిలించుకునే వాళ్ల గురించి ఇంకో బెంగ.

మార్చి 4

పొద్దున టీ తాగుతూ అడిగాను. చిప్ లోపల లక్షల గదులు ఉంటాయి అమ్మమ్మా, అన్నీ ఒకే దెబ్బకి అడుగు వేయాలి, ఆ దెబ్బే క్లాక్, ఒక మూలకి అది రవ్వంత ఆలస్యమైతే అక్కడి గదులు పాత అంకె పట్టుకుని కూర్చుంటాయి అంది. ఆ దెబ్బ ఎక్కణ్ణుంచి పుడుతుందే అన్నాను. చిప్ పక్కన చిన్న క్రిస్టల్ ఉంటుంది, దాని నుంచి అంది. పదకొండేళ్లు ఫ్యాక్టరీలో నేను చేసింది ఆ క్రిస్టల్సే కదా!

మార్చి 6, మధ్యాహ్నం 3

బట్టలు మడతపెడుతున్నాను గానీ మనసంతా క్రిస్టల్ ఫ్యాక్టరీలోనే ఉంది. పొడవాటి గది, తెల్ల లైట్లు, తెల్ల కోట్లు, వేళ్లకి సన్నటి రబ్బరు తొడుగులు. గోరంత రాతి బిళ్లలు, పట్టకారుతో ఎత్తి ట్రేలో పేర్చాలి. కరెంటు ఇస్తే ఆ బిళ్ల సెకనుకి లక్షలసార్లు వణుకుతుంది. దుమ్ము పడినా, వేలి జిడ్డు తగిలినా ఆ వణుకు మందగిస్తుంది. మూతలు బిగించాక, వణుకు నిలకడ పడాలని రోజుల తరబడి ఓవెన్‌లో పెట్టి ముదరబెట్టేవాళ్లం. పెళ్లికాకముందే వీటిని ముసలివాళ్లను చేస్తున్నామే అని నా పక్క బెంచీ స్నేహితురాలు, మేమంతా పొట్టి అని పిలిచేది, ఒకటే నవ్వు. కళ్లజోడు మేడం వచ్చి, నవ్వితే తుంపర్లు పడతాయి, నోళ్లు మూయండి అనేది. అప్పుడు ఇంకా నవ్వొచ్చేది.

అప్పట్లో నాకు రాయడం రాదు. ట్రే మీద కార్డు రాయాలి. నావీ తనవీ పొట్టే రాసేది. లంచ్‌లో పాత కార్డుల వెనక నాకు అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు ఈ డైరీ రాస్తున్నానంటే దాని పుణ్యమే.

మార్చి 8

క్రిస్టల్‌ని ఎవరైనా చేత్తో ముట్టుకున్నారేమో కనుక్కోవే అన్నాను. మనవరాలు పకపకా నవ్వింది. ఇప్పుడన్నీ మెషీన్లే చేస్తాయి, క్రిస్టల్ మార్చి కూడా చూశాం, నువ్వు కంగారుపడకు అంది. నవ్విందిలే, అంతే చాలు.

మార్చి 9, ఆదివారం

ప్రతి ఆదివారంలాగే పొట్టి ఫోన్ చేసింది. మునిమనవడు పుట్టాడట. ఎత్తుకున్నావా అన్నాను. నేనెందుకు ఎత్తుకుంటానే, నావి చెమట చేతులు, ముట్టుకుంటే పాడుచేస్తాను, నీకు తెలియంది ఏముంది అంది. నలభై ఏళ్లుగా ఇదే మాట. నేను ఊ కొట్టాను. ఊ కొట్టడం తప్ప ఇన్నేళ్లలో నేను చేసింది ఏమీ లేదు.

మార్చి 10

ఎవరూ చదవరు కదా, రాస్తాను.

ఫ్యాక్టరీలో ఒక రోజు సెక్షన్ మొత్తానికి గ్రూప్ ఫోటో. పౌడర్ రాసుకుని లోపలికి రాకూడదు. నేను రాసుకున్నాను. ఫోటోలో నల్లగా పడతానని భయం. పని మధ్యలో బుగ్గ దురద పెట్టింది, గోక్కున్నాను. చూస్తే ట్రేలో తెల్లగా పౌడర్. ఎవరూ చూడకుండా నోటితో ఊదేశాను. ఊదకూడదని గోడ మీద రాసి ఉండేది. చదవడం రాకపోయినా నాకు తెలుసు, రోజూ చెప్పేవాళ్లు.

రెండు నెలలకి ఆ ట్రే సరుకు తిరిగొచ్చింది. రేడియో సెట్లు స్టేషన్ పట్టడం లేదట. కార్డు ఎవరు రాస్తే ట్రే వాళ్లది, అది అక్కడి రూలు. రాత పొట్టిది. ఏ ట్రే ఎవరిదో దానికి మాత్రం ఏం గుర్తుంటుంది? నాదేనేమో మేడం, నాకు చేతులు చెమటపడతాయి అంది. ప్యాకింగ్‌లోకి పంపేశారు. మళ్లీ పట్టకారు పట్టుకోనివ్వలేదు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మార్చి 13

మనవరాలు రెండుసార్లు వడ్డించుకుంది. తప్పు దొరికిందట. లోపలి గదులన్నీ ఒక్కసారే నిద్రలేస్తుంటే కరెంటు కుంగిపోయి క్లాక్ తడబడుతోంది. ఒకదాని తర్వాత ఒకటి లేపాలట. అన్నీ ఒకేసారి లేవాలని ప్లాన్‌లో రాసింది తనే. మీటింగులో లేచి, అది నాది, నేనే అలా పెట్టాను అని చెప్పేసిందట. తిట్టారా అన్నాను. తిట్టారు, తర్వాత పని మొదలుపెట్టాం అంది. పెరుగు ఇంకాస్త వేసుకుంది.

అంత తేలికా?

మార్చి 14

పొట్టికి చెప్పేద్దామని ఫోన్ తీశాను. పెట్టేశాను. గ్యాస్ కట్టానో లేదో చూసొచ్చాను. మళ్లీ తీశాను, మళ్లీ పెట్టేశాను. ఆ రోజులు గుర్తున్నవాళ్లు నాకు ఇంక అదొక్కతే మిగిలింది. అది కూడా పోతే?

మార్చి 15, ఉదయం 11

చెప్పేశాను. ఆ ట్రే నాదేనే, నీ చేతులకి ఏమీ లేదు, ఎప్పుడూ లేదు అన్నాను. అటునుంచి టీవీ చప్పుడు వినపడింది. నలభై ఏళ్లు దాచావటే, అంది. పెట్టేసింది.

మార్చి 16, ఆదివారం

ఫోన్ రాలేదు.

మార్చి 18, మంగళవారం

పొట్టి ఆటో ఎక్కి వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది. గంటన్నర తిట్టింది. మధ్యలో మంచినీళ్లు అడిగి తాగి మళ్లీ తిట్టింది. ఇంకా అయిపోలేదట. రేపు పదింటికి వస్తానంది.