పదును చంపిన చెయ్యి

నాన్నకు,

నీ క్షేమం అడిగే ఓపిక లేదు, నా క్షేమం చెప్పే మనసూ లేదు. నువ్వు గుడ్డలో చుట్టి, దారంతో ముడివేసి ఇచ్చిన కత్తి నా ముందు బల్ల మీద ఉంది. దాని గురించే ఈ ఉత్తరం.

ఈ సెలూన్లో చేరి పదహారు రోజులైంది. జుట్టు కత్తిరించడంలో నాకు వంక పెట్టినవాళ్లు లేరు. గడ్డాల దగ్గరే నా పరువు పోయింది. రెండు వారాల్లోనే ముగ్గురిని కోశాను. మూడో ఆయన బ్యాంకు గుమాస్తా. దవడ కింద గాటు పడి, నేను పటిక అద్దేలోపే తెల్లచొక్కా కాలరు ఎర్రబడింది. "కూరగాయలు తరిగే చేతికి కత్తి ఇస్తే ఇంతే!" అని అందరి ముందూ అన్నాడు. తల కొట్టేసినట్టయింది. యజమానురాలు నన్ను తువ్వాళ్లు ఉతకడానికి పంపింది. "వచ్చే శనివారం మా తమ్ముణ్ని కూర్చోబెడతాను. ఒక్క గాటు పడినా సంచీ సర్దుకో" అని ఆ సాయంత్రం చెప్పింది.

తప్పు నా చేతిదే అనుకున్నాను. వేడి తువ్వాలు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉంచాను. నురగ చిక్కగా పట్టించాను. చర్మం లాగిపట్టి, వెంట్రుక వాలు ప్రకారమే కత్తి నడిపాను. షాపు ఖాళీగా ఉన్నప్పుడు బెలూన్లు ఊది, నురగ పూసి గీశాను. ఒక్కటీ పగల్లేదు. మనిషి చెంప మీద పెడితే మాత్రం నెత్తురే. వెంట్రుక తెగక, నాకు తెలియకుండానే నొక్కుతున్నానన్నమాట.

నిన్న మా సీనియరు ఆ బెలూన్లు చూశాడు. ఇక్కడ అందరూ ఆయన్ని మీసాల తాత అంటారు. "కొత్త చేతికి ఒక్క బెలూనూ పగలకపోవడమేంటమ్మా? ఏదీ, ఆ కత్తి ఇలా ఇవ్వు" అని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో తిప్పి చూశాడు.

"పదునున్న అంచు కంటికి కనబడదు. ఇది చూడు, తెల్లగీతలా ఎలా మెరుస్తోందో. ఎవరో గాజుసీసా మీద లాగి పదును చంపేశారు."

"కింద పడిందేమో తాతా" అన్నాను.

"పడితే ఒకచోట పోతుంది. ఇది మొదలు నుంచి చివరదాకా ఒక్కలాగే పోయింది. పని తెలిసినవాడి చెయ్యి."

మన ఇంట్లో పని తెలిసిన చెయ్యి ఎవరిది నాన్నా? "నేనే నూరాను, నెల దాకా తోలుపట్టీ మీద కూడా రుద్దకు" అని చెప్పిందెవరు? ఒకరు నూరిచ్చిన కత్తికి ఇంకొకరు వేలు ఆనించి చూస్తే నూరినవాణ్ని అవమానించినట్టే అని చిన్నప్పుడు నేర్పిందెవరు? ఆ మర్యాద పాటించబట్టే ముగ్గురి నెత్తురు చూశాను. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను? ఎందుకు చేశావో రాయి. రాయకపోతే ఇక ఉత్తరాలు వద్దు.

నీ కూతురు

*

తల్లీ,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అమ్మకు చూపించలేదు.

నీ చెయ్యి తెగుతుందని భయపడి చేశానంటే నువ్వు నమ్ముతావు. కానీ మొద్దుకత్తే కోస్తుందని నాకు తెలియదా? తెలిసే చేశాను.

నువ్వు వెళ్లడానికి నెల ముందు మన షాపులో టైలరు మామయ్యకు గడ్డం గీశావు. ఆ తర్వాతి వారం నువ్వు షాపులో లేనప్పుడు వచ్చి నా కుర్చీలో కూర్చోనే లేదు. "అమ్మాయి లేదా? ఉన్నప్పుడు వస్తాలే" అని వెళ్లిపోయాడు. తర్వాత ఇంకో ఇద్దరూ అంతే. ఏడాదిగా నా కుడిచెయ్యి వణుకుతోందమ్మా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన పని నన్ను వదిలేసి, నీ చేతికి అంత సులువుగా వచ్చేస్తుంటే ఓర్వలేకపోయాను. కన్నకూతురి మీద ఓర్వలేనితనం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా చేశాను. నాలుగు గాట్లు పెట్టి, బెదిరి తిరిగొస్తావు, నా పక్కనే ఉంటావు అనుకున్నాను. కత్తిని సీసా మీద లాగుతున్నప్పుడు మాత్రం నా చెయ్యి వణకలేదు.

షాపు మూసి పది రోజులైంది. నా గడ్డం నేను గీసుకోలేను, ఇంకొకరి కుర్చీలో కూర్చోలేను. అడిగే ముఖం లేదు గానీ, వస్తే షాపు నీదే.

మీ నాన్న

*

నాన్నా,

శనివారం గడిచింది. మీసాల తాత తన కత్తి ఇచ్చాడు. యజమానురాలి తమ్ముడికి రెండు చెంపలూ, గడ్డం, మెడ గీశాను. ఒక్క గాటు లేదు. ఉద్యోగం నిలబడింది. నీ షాపు నాకు వద్దు.

నిజం తెలిస్తే కోపం తగ్గుతుందనుకున్నాను. ఇంకా పెరిగింది. భయపడి చేశానని అబద్ధం రాసి ఉంటే హాయిగా నమ్మి, కాసేపు ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు అది కూడా మిగల్చలేదు.

ఆ తమ్ముడు నేను గడ్డం గీస్తుండగానే నిద్రపోయాడు. ముక్కూ మొహం తెలియని నా చేతికి గొంతు అప్పగించి, కళ్లు మూసుకుని గురకపెట్టాడు. ఇరవైరెండేళ్లు నీ దగ్గర నేనూ అలాగే ఉన్నాను.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. నేను వచ్చేలోపు వణుకు సంగతి అమ్మకు నువ్వే చెప్పు. వేడినీళ్లు పెట్టి, నీ కుర్చీలో నువ్వే కూర్చో. నీ గడ్డం నేను గీస్తాను. కళ్లు మూసుకున్నావా, భోజనం చేసి సాయంత్రం దాకా ఉంటాను. కళ్లు తెరిచి నా చేతినే చూస్తూ కూర్చున్నావా, పని పూర్తిచేసి, మెడ తుడిచి, తిరుగు బస్సుకే వచ్చేస్తాను.

నీ కూతురు