ఎర్రకోడికి జాకెట్టు కొలతలు

అక్కకి,
నీ కోళ్ళకి కాపలా పడ్డ తమ్ముడు నమస్కరించి రాసేది. ఫోనులో నీ అరుపులు తట్టుకోలేక ఉత్తరమే రాస్తున్నాను. మోకాలి ఆపరేషనంటూ నువ్వు కూతురింటికి వెళ్ళావు. పోతూ పోతూ అయిదు పెట్టల్నీ ఒక పుంజునీ నాకు అంటగట్టావు. నీ మరదలు పోయిన ఈ ఏడాదిగా నేను కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు. నా అన్నమే నేను వండుకోను, కోళ్ళనేం సాకుతాను? ఎండకి పెరడు పెనంలా ఉంది. పొద్దస్తమానం అవి నోళ్ళు తెరిచే ఉంటున్నాయి. ఆకలేమోనని మధ్యాహ్నం కూడా గింజలు పోస్తున్నాను.
ఇట్లు, తమ్ముడు.
తా.క.: తిన్నాక ఇంకా పెద్దగా తెరుస్తున్నాయి. అచ్చం మీ అత్తగారి పోలిక.

ఒరే తమ్ముడూ,
అది ఆకలి కాదు, వగర్పు! కోడికి చెమట పట్టదు, వేడిని నోటితోనే వదులుతుంది. మధ్యాహ్నం మేపితే అరిగేటప్పటి వేడి కూడా తోడవుతుంది. తెల్లారగానే ఒకసారి, ఎండ వాలాక ఒకసారి గింజలు వెయ్యి. మట్టిమూకుట్లో చల్లటి నీళ్ళు నీడలో పెట్టి, మాటిమాటికీ మార్చు. ఎండ ముదిరితే తడిగోనెలు కట్టు. ఎర్రదాన్ని కనిపెట్టుకుని ఉండు, అది ముసలిది.
దీవెనలతో, అక్క.
తా.క.: మా అత్తగారిదీ ఆకలి కాదు. నా మీద వేడి, నోటితోనే వదిలేవారు.

అక్కకి,
నమస్కారాలు. గోనెలు కట్టాను. ఊరికే కడితే జారిపోతున్నాయి. నలభై ఏళ్ళు దర్జీపని చేసినవాణ్ణి, ఆ ముడులు నా కంటికి ఆనలేదు. మిషను దులిపి, నూనె వేసి, ఒక్కొక్కదానికీ కొలతలు తీసి జాకెట్లు కుట్టాను. ఛాతీ పద్నాలుగు, మెడ నాలుగు. వెనక గుండీలు, తోకకి సందు. గంటకోసారి తడుపుతున్నాను. పుంజు మాత్రం కొలతలకి దొరకలేదు.
కానీ ఈ పూట ఎర్రది మెడ వాల్చేసింది. నాకేం చెయ్యాలో తోచటం లేదు. ఇంట్లో ఒకర్ని కాపాడుకోలేకపోయాను, దీన్నీ పోగొట్టుకుంటానేమో అక్కా. ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.
తమ్ముడు.
తా.క.: మెడ దగ్గర బిగుతైందంటావా? ఒక అంగుళం వదిలి చూస్తాను.

ఒరే దర్జీవెధవా,
ఫోను కట్టేసుకు కూర్చున్నావు. అందుకే ఈ ఉత్తరమిచ్చి అల్లుణ్ణి తిరుగు బస్సెక్కించాను. గోనెలు కట్టమన్నది గూటికిరా, కోళ్ళకి కాదు! రెక్కలు విప్పుకుంటేనే కోడి ఒంటికి గాలి. నువ్వు వాటికి గుండీలు పెట్టావు. అన్నీ ఊడదీయ్. ఎర్రదాన్ని నీడలో పెట్టి, కాళ్ళు మాత్రం చల్లటి నీళ్ళలో ఉంచు. తనంతట తనే తాగనివ్వు.
దానికేమైనా అయితే నీ తప్పు కాదు. నీ పెళ్ళాం పోయిందీ నీ తప్పు కాదు.
అక్క.
తా.క.: తోక గుర్తొచ్చినవాడికి రెక్కలెందుకు గుర్తు రాలేదురా?

అక్కకి,
ఎర్రది గంటసేపు పళ్ళెంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది, పక్కనే నేనూ కూర్చున్నాను. సాయంత్రం లేచి నా చెయ్యి పొడిచింది. ఏడాదిలో అంత సంతోషం ఎరగను. జాకెట్లన్నీ విప్పి, కలిపి కుట్టి, గూటికి తెర కట్టాను. అది చూసి పక్కింటావిడ తన గూటికీ, ఎదురింటి టీచరమ్మ కిటికీలకీ కుట్టమన్నారు. దుకాణం తలుపు తీయక తప్పలేదు. నీ మోకాలు ఎలా ఉంది? త్వరగా వచ్చి నీ కోళ్ళని తీసుకుపో.
తమ్ముడు.
తా.క.: ఎర్రదాన్ని మాత్రం అడగకు.

తమ్ముడూ,
కోప్పడకుండా చదువు. నాకు ఆపరేషనూ లేదు, ఏమీ లేదు. ఈ మోకాళ్ళతోనే రోజూ ఇక్కడ మూడంతస్తులు ఎక్కి దిగుతున్నాను. తలుపేసుకుని కూర్చున్న నిన్ను లేపడానికి ఏడాదిగా నేను చెప్పిందేదీ పనిచేయలేదు. తెల్లారగానే గింజల కోసం అరిచేవాళ్ళుంటే లేవక ఏం చేస్తావులే అనుకున్నాను. ఎర్రది మెడ వాల్చిందని రాసిన రోజు మాత్రం నా ప్రాణం నాలో లేదు. కోడి కోసం కాదురా.
ఆదివారం వస్తున్నాను. కోళ్ళు నీ దగ్గరే ఉంటాయి.
అక్క.
తా.క.: జాకెట్టు గుడ్డ తెస్తున్నాను. నా పాత కొలతలు పనికిరావు, నీ మేనకోడలు బాగా మేపింది.