ఆమె పేరు మీద పక్షుల పుస్తకం

జనవరి 9

ఇవాళ్టి నుంచి మాతో సహా రాష్ట్రంలోని అన్ని లైబ్రరీల్లో కొత్త సిస్టమ్. ఇన్నాళ్ళూ పుస్తకం వెనక్కి రాగానే ఎవరు చదివారో చెరిపేసేవాళ్ళం. ఇక చెరపరట. ఎందుకని డైరెక్టర్ ఇంగ్రిడ్‌ని అడిగా. ఎవరికేం కావాలో వాళ్ళకంటే ముందు మనకే తెలుస్తుంది డియర్, భయమెందుకు అంది. డియర్ అంటే నాకు ఒళ్ళు మంట.

పదో క్లాసులో బడి మానేశా. నాకొచ్చిందంతా ఈ అరలు సర్దుతూ నిలబడి చదివిందే. ఎవరూ చూడలేదు కాబట్టే చదవగలిగా.

జనవరి 14

కిటికీ పక్క బల్ల దగ్గర లెనోర్ మళ్ళీ. చదివేవి విడాకుల చట్టం, కొట్టే మొగుళ్ళ మీద కోర్టు ఆర్డర్లు. ఒక్కటీ ఇంటికి తీసుకెళ్ళదు. ఆమెకీ మొగుడు గార్త్‌కీ లైబ్రరీలో ఒకటే అకౌంట్, మా మెయిల్స్ అతని ఫోన్‌కి వెళ్తాయి. అతను బయట పార్కింగ్‌లో, ఇంజన్ ఆపకుండా ట్రక్కులో కూర్చునుంటాడు.

ఆమె బల్ల మీద వదిలేసినవి నేనే స్కాన్ చేసి అరలో పెడతా. ఏ పుస్తకం ఎన్నిసార్లు చదివారో లెక్క కోసం. అందులో పేరుండదు.

జనవరి 20

పేరుంటుంది.

ప్రింటర్‌లోంచి చీటీ వచ్చింది. లెనోర్, మీకోసం ఈ విడాకుల పుస్తకం తీసి ఉంచాం. ఆమె అడగలేదు. కుర్చీలో ఎవరున్నారో కెమెరా మొహం చూసి గుర్తుపడుతోంది, ఏం చదివారో నా స్కానర్ చెబుతోంది. అంటే చాడీలు మోసింది నేను. ఇదే మాట గార్త్‌కి మెయిల్‌లో వెళ్ళకముందే క్యాన్సిల్ చేశా. ఇంగ్రిడ్‌కి చెప్తే, ఆవిడకి పనికొచ్చేదేగా అంది. వాళ్ళాయనకీ పనికొస్తుంది అన్నా. గొంతు తగ్గించమంది.

జనవరి 21

లెనోర్‌కి చెప్పేశా. చాలాసేపు కిటికీలోంచి ట్రక్కునే చూసింది. తర్వాత, నన్ను పక్షుల పిచ్చిదాన్ని చేసెయ్, గార్త్ చదవకుండానే డిలీట్ కొడతాడు అంది. ఇద్దరం నోరు మూసుకుని నవ్వాం.

జనవరి 28

ఆమె చదివేవి స్కాన్ చెయ్యకుండా స్వెటర్ కింద దాచి అరకి చేరుస్తున్నా. బల్ల దగ్గర స్కాన్ చేసేవన్నీ బాతులు, వడ్రంగిపిట్టలు, గుడ్లగూబలు. చీటీలూ అవే వస్తున్నాయి. ఇంత తెలివైన మెషీన్, ఇంత వెర్రిది.

ఫిబ్రవరి 3

లెనోర్ వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. ఎక్కడికో నేనడగలేదు. చెప్పను, నీకే మంచిది అంది. ఫోనూ లైబ్రరీ కార్డూ నా చేతిలో పెట్టింది. ఫోన్ ఆపేసి రెండూ లాకర్లో పడేశా.

మూసే వేళకి గార్త్ లోపలికొచ్చాడు, మొదటిసారి. టోపీ తీశాడు. మా ఆవిడేదమ్మా అన్నాడు. తెలీదన్నా. నిజంగానే తెలీదు. పర్లేదు, వెయిట్ చేస్తా అన్నాడు.

ఫిబ్రవరి 7

ట్రక్కు అక్కడే ఉంది. ఇంజన్ ఆపలేదు.

ఫిబ్రవరి 10

కిటికీ పక్క కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఎందుకో నాకే తెలీదు.

ఫిబ్రవరి 12

రాత్రంతా మంచు. పొద్దున తలుపు తీసేసరికి ప్రింటర్‌లో చీటీ ఉంది. లెనోర్ పేరు. గుడ్లగూబల పుస్తకం, నేను స్కాన్ చేసిందే. తీసుకోవాల్సిన లైబ్రరీ మాది కాదు. ఉత్తరాన, నేనెప్పుడూ వినని ఊరు.

లాకర్ తీసి చూశా. ఫోనూ కార్డూ అక్కడే ఉన్నాయి. అంటే ఆ ఊరి లైబ్రరీ కెమెరా ఆమె మొహం గుర్తుపట్టింది.

గార్త్‌కి మెయిల్ తెల్లవారుజామునే వెళ్ళిపోయింది. ఆ లైబ్రరీకి ఫోన్ చేస్తున్నా, మోగుతోంది, ఎవరూ తియ్యడం లేదు.

పార్కింగ్ అంతా తెల్లగా ఉంది. ఒక్కచోట మంచు లేదు, ట్రక్కంత మేర.