ఫుట్‌నోట్‌లో దాచిన వేడి

శుక్రవారం రాత్రి, మారతహళ్ళి

గండం గడిచింది. వేడి కాఫీ ఎందుకు చల్లారుతుందో అణువుల లెక్కతోనే నిరూపించానని ఐదేళ్ళుగా థీసిస్‌లో గొప్పలు పోయాను. ఈ రోజు మా గైడ్ గారు చివరి అధ్యాయం మూసి అడిగారు. "అణువులకి ముందూ వెనకా ఒకటే. ఇదే లెక్క వెనక్కి నడిపితే, పది నిమిషాల ముందు కూడా కాఫీ చల్లగానే ఉండిందని వస్తాది కదమ్మా?"

"మొదట్లో వేడిగా ఉందనుకోవాలి సార్. అది ఫుట్‌నోట్‌లో రాశాను," అన్నాను.

ఆయన కోప్పడలేదు, నవ్వారు. "ఊహ ఉండాదంటే తప్పేముండాది? దాచిపెడితేనే తప్పు. మొదటి పేజీలోకి తీసుకురా."

ఇంటికొచ్చి ఆ ఊహని మొదటి పేజీలోకి తెచ్చేశాను. 'నిరూపించాను' అన్న మాట కొట్టేశాను. కాఫీకైతే స్టవ్వుంది, కాఫీలాగే చల్లారుతున్న ఈ లోకానికి ఆ మొదటి వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం నాకు తెలియదు. తెలియదని రాసేస్తే ఇంత హాయిగా నిద్ర వస్తుందని ఇన్నాళ్ళూ తెలియలేదు.