కష్టా నుంచి వచ్చాక

ఫర్వానియా,
ఆదివారం

నా ఈశ్వరికి,

నువ్వు దొంగవి. ఇంతకన్నా మెత్తటి మాట కోసం వెతికాను, దొరకలేదు. నగలూ నోట్లూ ఎత్తుకుపోయే దొంగవి కావు. ఒక మనిషి శుక్రవారపు సెలవులు, ఆమె నిద్ర, ఆమె కూతురి పక్కన ఉండాల్సిన రోజులు కాజేస్తున్న దొంగవి. కాజేస్తూ ఆ మనిషినే ‘వదినా’ అని నోరారా పిలుస్తున్నావు.

వాట్సాప్‌లో బ్లాక్ చేశావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. మా ఆయన హారూన్ రేపు పని మీద ఫహాహీల్ వస్తున్నాడు, మీ బిల్డింగు కాపలాదారుకు ఇచ్చిపోతాడు. చింపెయ్యాలనిపిస్తే చదివాక చింపు. నీకు తెలిసిన సంగతులే మళ్ళీ రాస్తున్నాను. తెలిసినవే కాగితం మీద వేరేగా కనిపిస్తాయి.

ఎడారిలో డేరా వేసుకుని గడిపే విహారానికి ఈ కువైట్‌లో ‘కష్టా’ అని పేరని మొదటిసారి విన్నప్పుడు మనిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అప్పుడు నవ్వొచ్చింది. మొన్న సాల్మీ రోడ్డు దాటి, వానలకు వాదీ పారుతోందని తెలిసి కార్లు కట్టుకుని వెళ్ళాం కదా, అక్కడ నాకు నవ్వు రాలేదు. ఏడాదంతా ఎండి పడుండే వంకలో మోకాటి లోతు కూడా లేని ఎర్రనీళ్ళు. పారే నీళ్ళు చూస్తే మన రాయచోటి వాళ్ళకు మతి ఉండదు. నీ మొగుడు నాగేశ్వర ప్యాంటు మడిచి దూకి, “మన మాండవ్యేరు ఈడికొచ్చిందిరప్పా!” అని కేకలు పెట్టాడు. పిల్లలు తడిశారు. అందరం పాడాం. బాగానే ఉంది. మరి ఆ రోజంతా నీళ్ళ ఒడ్డున ఉండి కూడా ఒక్కసారైనా కాళ్ళు చాపుకుని నీళ్ళకేసి చూడనిది ఎవరు?

అంకాలక్క. నాగేశ్వరకు పెద్దమ్మ కూతురు, నీకు వదిన. సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో ఏళ్ళ తరబడి చాకిరీ చేసింది. ఆ యజమాని నుంచి రిలీజ్ కాగితం తెప్పించి, ఆమె ఇఖామా పర్మిట్టు తన పేరు మీదికి మార్చుకున్న రోజు నాగేశ్వర అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. “మా అక్క ఇంగ ఖద్దామా కాదు, పనిమనిషి కాదు, మా ఇంటి మనిషి” అన్నాడు. ఇంటి మనిషి అయిన మర్నాటి నుంచి ఆమెకు జీతం పోయింది. సెలవు పోయింది. తలుపేసుకుని పడుకునే గది కూడా పోయింది, పిల్లల గదిలో నేల మీద పరుపు వచ్చింది.

ఆ మధ్యాహ్నం తిని చాపల మీద ఒరిగాం. ఆమె వాదీ అంచున గొంతుక్కూచుని ఇసకతో మాంసం గిన్నె తోముతోంది. తోమి, చలికి బిగుసుకున్న చేతులు కొంగుకు తుడుచుకుని నీ దగ్గరికి వచ్చింది.

“అమ్మీ ఈశ్వరీ, నా కూతురు రెడ్డెమ్మకు నెలలు నిండుతాండాయి. తొలికాన్పు. శివరాత్రి లోపల నన్ను ఇంటికి పంపీ. బిడ్డకు నాలుగు దినాలు నీళ్ళు పోసి వచ్చేస్తా.”

నువ్వు దిండు సర్దుకుంటూ అన్నావు: “పిల్లల పరీక్షలున్నాయి కదా వదినా. అయిపోనీ, చూద్దాం. బయటి మనిషివైతే వేరే. ఇంటి మనిషివి, నువ్వే అర్థం చేసుకోకపోతే ఎట్ల?”

ఆమె తల ఊపింది. “సరే, మామా” అంది.

ఈ దేశంలో పనిమనుషులు ఇంటి యజమానురాలిని పిలిచే పిలుపు అది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వులు. మీ ఆయన ఆఫీసు అచ్చిబాబు గోదావరి యాసలో మొదలుపెట్టాడు: “అదేంటండీ నాగేశ్వర గారూ, మీ సీమలో మరదల్ని మామా అంటారాండీ? మరి మామగారొస్తే అత్తా అంటారా ఏంటండీ?” నాగేశ్వర దానికి తోడు: “పాత ఇంటి అలవాటప్పా. ఆ కువైటీ మామాను పిలిచి పిలిచి మా అక్కకు నోరు తిరిగిపోయింది.” నువ్వూ నవ్వావు. ఆమె గిన్నె దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పుడే నేను లేచి నిలబడ్డాను. నేనేం మాట్లాడానో నీకు గుర్తుంది, నువ్వు కారెక్కి కూచున్నది దానికే. మళ్ళీ అంటాను: ఆమె నోరు జారింది, జారిన నోటినుంచి నిజం బయటపడింది. తానెవరి కింద పనిచేస్తోందో ఆమె నాలుకకు తెలుసు. ప్రతి నెలా ఆడవాళ్ళను పోగుచేసి శ్రమ గురించి, స్వేచ్ఛ గురించి పుస్తకాలు చదివించేది మనమిద్దరం. ఆ చర్చలప్పుడు టీ కలిపేది ఎవరు?

నేనడిగేది ఒకటే. ఆమెను పనిమనిషిలా చూడడం మానెయ్. ఇంటి మనిషి అన్న మాట అన్నావు, ఆ మాటకు కట్టుబడు. అందరి ముందూ క్షమాపణ అడుగు.

కోపంతో, అయినా నీదే,
తస్లీమ్

•

ఫహాహీల్,
బుధవారం

తస్లీమ్‌కు,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. అబద్ధం రాయడం నీ దగ్గర నేర్చుకోలేదు.

దొంగ అన్నావు. సరే. ఆ సాల్మియా ఇంట్లో మా వదిన ఎలా ఉండేదో నీకు తెలుసా? మెట్ల కింద పడక. వాళ్ళు తిని లేచాక మిగిలింది తిండి. ఫోను వారానికొకసారి. అక్కడినుంచి ఆమెను బయటికి తెచ్చింది నీ ఉపన్యాసాలు కావు, నాగేశ్వర ఆఫీసుల చుట్టూ అరిగేలా తిరిగిన చెప్పులు. మా ఇంట్లో ఆమె మాతో పాటే కూచుని తింటుంది. నా చీర కడుతుంది. నా చిన్నది అమ్మ కన్నా ముందు అత్తా అని పిలిచింది. ఆమెకు నెల కాగానే కవరులో పెట్టి జీతమియ్యమంటావా? మా మామగారు బతికుండగా మా అత్తగారి అక్క కూతురికి కూలి లెక్క కట్టామని తెలిస్తే మొహాన ఉమ్మేస్తారు. ఇంటి మనిషికి కూలి ఇస్తే అవమానించినట్టు కాదా? నువ్వు ఇది కూడా తిరగేసి చెబుతావు, నీకా నేర్పు ఉంది.

పరీక్షలని ఎందుకన్నానో విను. నేను బడిలో ఏడు గంటలు పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి కాపీలు దిద్దుతాను. నాగేశ్వర షిఫ్టుల్లో ఉంటాడు. వదిన వెళ్తే ఇల్లు నా మీద పడుతుంది. నాకు భయమేసింది. ఆ భయాన్ని నువ్వు దొంగతనం అన్నావు.

ఒక మాట. నువ్వు చాప మీద నిలబడి స్త్రీల శ్రమ గురించి గొంతు చించుకుంటున్నప్పుడు నీ ఎంగిలి పళ్ళెం మా వదిన చేతిలో ఉంది. నేను చూశాను. నీ మాట వింటూ అది కూడా కడిగింది.

అంత ప్రేమ ఉంటే నువ్వే తీసుకుపో. ఇఖామా హారూన్ పేరు మీదికి మార్పించుకో. మీ ఇంట్లో ఇంటి మనిషి ఎలా ఉంటుందో మేమూ చూస్తాం.

వెంకటేశ్వరి

•

ఫర్వానియా,
శనివారం

ఈశ్వరీ,

కొట్టేసిన ‘ప్రియమైన’ కాగితం వెనకవైపు నుంచి స్పష్టంగా కనిపిస్తోంది. దాన్నే తీసుకున్నాను.

నా పళ్ళెం సంగతి నిజమే. అయితే దానివల్ల నీ తప్పు సగానికి తగ్గదు, తప్పు చేసినవాళ్ళు ఇద్దరవుతారు, అంతే. చెప్పులరిగేలా తిరిగిన మాటా నిజమే. బావిలోంచి తీసినంత మాత్రాన తీసినవాళ్ళకు ఆ మనిషి సొంతమైపోదు.

నువ్వు విసిరిన సవాలు నేను తీసుకున్నాను. గురువారం సాయంత్రం హారూన్‌ను వెంటబెట్టుకుని ఫహాహీల్ వచ్చాను. అంకాలక్క జమియాలో కూరగాయలు కొని బయటికొస్తోంది. రెండు చేతుల్లో సంచులు. హారూన్ ఒక సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

“అంకాలక్కా, బట్టలు సర్దుకో. యల్లా, మా ఇంటికి పోదాం” అన్నాను. “ఇఖామా మార్పు సంగతి ఈయన చూసుకుంటాడు. కాన్పుకు నేనే పంపిస్తా.”

“మీ ఇంట్లో నేనేమైతా అమ్మీ?”

“అక్కవైతావు. నా సొంత అక్కలాగా చూసుకుంటా.”

ఆమె సంచులు కింద పెట్టి నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. “వద్దు తల్లీ! ఒగ ఇంట్లో వదిననైతేనే నా నడుము పడిపాయె. ఇంగ నీకు అక్కనైతే లేచి నిలబడను గూడా లేను.”

హారూన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తనూ నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. “నీకోసమే కదా నా స్నేహితురాలిని పోగొట్టుకున్నాను, నీ నోటినుంచి జారిన మాట పట్టుకునే కదా ఇంత యుద్ధం చేస్తున్నాను” అన్నాను ఆమెతో.

“నోరు జారిందని ఎవురు చెప్పినారు నీకు?” అంది. “జారలే. కావాలనే అన్నా.”

ఈశ్వరీ, ఇక్కడినుంచి ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. నా మాటలు కలపలేదు.

“సాల్మియా మామా తిడతాండె. ఒగపారి చెప్పు గూడా ఇసిరింది. అయితే సెలవు అడిగితే ఔననో కాదనో చెప్తాండె. నువ్వే అర్థం చేసుకోమని నా నెత్తిన పెట్టలే. కాదంటే నేనూ గొంతెత్తి కొట్లాడతాంటి. ఈడ మరదలితో ఏమని కొట్లాడల్ల? అడిగితే ఆ అమ్మి ఏడుస్తాది, నా తమ్ముడు అన్నం మానేస్తాడు, ఊర్నించి చిన్నాయన ఫోన్ చేసి ‘ఏం మ్మే, నీ బతుకు బాగుచేసినోళ్ళతోనే పేచీనా’ అంటాడు. వదినగా నాకు నోరు లేదు. మామాతో అయితే కొట్లాడొచ్చు. అందుకే ఆ అమ్మిని మామాను చేసినా.”

“అయితే పనిమనిషి అనిపించుకుంటావా?” అని అరిచాను. జమియా ముందు జనం చూస్తున్నారు.

“అనిపించుకుంటే ఏం పోయె? ఇఖామాలో రాసిందే అది. సిగ్గయ్యేది మీకు, నాకేంది?”

నేను వాదించాను. నీకు తెలుసు, వాదించకుండా ఉండలేను. ఇంటి మనిషి కావడమంటే హక్కులు వదులుకోవడం కాదు, ప్రేమ ఉన్న చోట కూడా న్యాయం ఉండొచ్చు, రెండూ కలిసే రావాలి అన్నాను. ఆమె కాసేపు విని, “కావచ్చులే. అట్లాంటి ఇల్లు యాడన్నా ఉంటే చూపీ, పోదాం” అంది. నాకు తెలిసిన ఇళ్ళన్నీ తలుచుకున్నాను. ఒక్కటీ చెప్పలేకపోయాను.

ఆమె మాట పూర్తిగా ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసొప్పడం లేదు. మనుషుల మధ్య కూలి తప్ప ఇంకేమీ మిగలకపోతే మనం ఇన్నాళ్ళూ చదివిందెందుకు అనిపిస్తుంది. కానీ నీ ఉత్తరం మళ్ళీ చదివితే ఇంకో సంగతి కనబడింది. ఆమె వెళ్తే ఇల్లు నీ మీద పడుతుందన్నావు. నాగేశ్వర మీద ఎందుకు పడదు? నువ్వూ ఆ ఇంటి మనిషివే కదా. ఎవరిని ‘ఇంటి మనిషి’ అని మురిపెంగా పిలుస్తామో, ఆ ఇంటి చాకిరీ అంతా వాళ్ళ నెత్తినే ఉంటుంది. నాగేశ్వరను ఎవరైనా ఎప్పుడైనా అలా పిలిచారా? మా హారూన్‌ను పిలిచారా? నీ నడుం భయం నిజమైందే. నీ భయం పోగొట్టుకోవడానికి ఇంకొక ఆడదాని నడుం అడ్డం పెట్టావు, నా కోపమంతా దాని మీద. కఫీళ్ళ మీద, పనివాళ్ళ వీసాలు గుప్పిట్లో పెట్టుకునే ఆ యజమానుల మీద, మనం ఎన్ని వ్యాసాలు రాశాం! కఫీల్ అరబ్బీలోనే మాట్లాడతాడని మనకెవరు చెప్పారు? తెలుగులోనూ మాట్లాడతాడు, వదినా అని పిలుస్తాడు, పక్కన కూచోబెట్టి అన్నం కూడా పెడతాడు.

కాబట్టి నా మొదటి ఉత్తరంలో అడిగినవి వెనక్కి తీసుకుంటున్నాను. క్షమాపణ అక్కర్లేదట, ఆమె చెప్పింది: “అందరి ముందర క్షమాపణ అడిగితే ఏడ్చేది ఆ అమ్మి, ఓదార్చేది నేనే గదా.” దొంగవి అన్న మాట మాత్రం తీసుకోను, అది నువ్వు తీయించుకోవాలి.

“మరి ఇంగ ఏం చేద్దాం?” అని ఆమెనే అడిగాను. “నువ్వు బాగా రాస్తావంట గదా. నేను చెప్పేది రాసి పంపీ. నా నోటితో చెప్తే మళ్ళీ వదిననైపోతా” అంది. రెడ్డెమ్మకు డాక్టరు చెప్పిన తేదీ ఈ నెలాఖరు. జవాబు ఈ శుక్రవారం లోపల రావాలి. రాకపోతే, పనివాళ్ళ ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకు ఆమె నాతో వస్తానంది. ముందు ఇంట్లో చెప్పి చూడమంది, అందుకే ముందు నీకు.

ఇంకా నీ స్నేహితురాలినే, నువ్వు ఒప్పుకున్నా లేకపోయినా,
తస్లీమ్

అంకాలమ్మ అడిగేవి, ఆమె చెప్పిన వరసలోనే:

1. కాన్పుకు ముందే ఇంటికి పోవడానికి టికెట్. తిరిగి రావడానికి కూడా.

2. పాస్‌పోర్టు నా చేతిలో ఉండల్ల. మీ బీరువాలో కాదు.

3. ఖద్దామాకు ఈ దేశంలో ఎంత ఇస్తారో అంత జీతం, నెల నెలా. పోయిన నెలలవి మెల్లగా ఇచ్చినా సరే, ఇయ్యల్ల.

4. శుక్రవారం నాది. ఆ దినం ఎవురింట్లో చుట్టాలొచ్చినా, మీటింగులు పెట్టినా నేను లేవను.

5. తలుపు ఉండే చోటు పడక. చిన్నదైనా పర్వాలేదు.

6. ఇంగోసారి వాదీకి పోతే నన్ను పిలవల్ల. వంట మాత్రం మీరే చేసుకోండి.

7. నేను ఊర్లో ఉన్నన్నాళ్ళు గిన్నెలు నాగేశ్వర కడగల్ల. నేను వచ్చేదాకా సింకులో పెట్టి ఉంచొద్దు.